పూలూ కాయలూ లేని చెట్టును ఎండుటాకు వర్ణపటంతో గుర్తించడం: ఎంతవరకు నమ్మొచ్చు, ఎక్కడ దెబ్బతింటారు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఉష్ణమండల అడవిలో అధ్యయనానికి హద్దులు గీసి ప్లాట్లు వేసి చెట్లకు నంబర్లు కట్టారు. చాలా చెట్లకు పూలు లేవు, కాయలు లేవు, దొరికేవి ఆకులే. ఆకును స్కాన్ చేస్తే జాతి పేరు వస్తుందా, ఏ పరికరం కావాలి, ఎన్ని ఆకులు కోయాలి, ఫోన్ యాప్ చాలదా?

వస్తుంది. కాకపోతే పరికరం చెప్పేది పేరు కాదు, పోలిక. “ఇది మీరు ఇంతకుముందు చూపించిన ఫలానా ఆకుల్లా ఉంది” అనడం వరకే దానికి చేతనవుతుంది. మీరు చూపించిన ఆకుల మీద తప్పు పేరు రాసి ఉంటే, ఆ తప్పునే మహా ధీమాగా తిరిగి మీకు అప్పజెబుతుంది. ఉష్ణమండల మొక్కల నమూనాల్లో సగానికి పైగా తప్పు పేర్లతో ఉండి ఉండొచ్చని 2015లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. కాబట్టి మీ సమయం, డబ్బు ముందు రిఫరెన్స్ ఆకుల మీద, అంటే పోలికకు వాడే, సరైన పేరు ఖాయమైన ఆకుల మీద పెట్టండి. యంత్రం సంగతి ఆ తర్వాత.

ఫోన్ యాప్ గురించి రెండు ముక్కలు. ఫొటోతో గుర్తించే పద్ధతి ఆకారాన్ని, అంచును, రంగును నమ్ముకుంటుంది. చల్లని దేశాల చెట్లలో తమ్మెలు తీరిన ఆకులు, రంపపు అంచులు ఎక్కువ, అక్కడ అది బాగానే నడుస్తుంది. వర్షారణ్యంలో సంబంధం లేని కుటుంబాల చెట్లకు కూడా దాదాపు ఒకే రకం ఆకు ఉంటుంది: కోలగా, నున్నని అంచుతో, చివర నీరు జారే సన్నని మొనతో. పైగా ఉష్ణమండల వృక్షజాతులు కనీసం 40,000, బహుశా 53,000 కూడా దాటొచ్చని 2015 నాటి అంచనా. వాటిలో చాలావాటికి సరైన పేరుతో ఉన్న ఫొటోలే అరుదు. యాప్ చెప్పింది కుటుంబం ఊహించుకోవడానికి పనికొస్తుంది, ప్లాటు రిజిస్టర్‌లో రాయడానికి కాదు. ఆకును క్షారంలో నానబెట్టి, తెల్లబరిచి, రంగు ఎక్కించి ఈనెల అల్లికను కంప్యూటర్‌తో చదివించే దారి ఒకటుంది. 2016లో అలాంటి 7,597 ఆకుల చిత్రాలతో చేసిన పనిలో 19 కుటుంబాలను విడదీయడంలో 72 శాతం దాకా సరైన జవాబులు వచ్చాయి. కుటుంబం స్థాయికి అది మెచ్చుకోదగ్గదే, కానీ మీకు కావలసింది జాతి.

మీ పనికి సరిపడేది ఎండుటాకు మీద నియర్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ. 1000 నుంచి 2500 నానోమీటర్ల వరకు కాంతిని ఆకు మీద వేసి, ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత వెనక్కి వచ్చిందో కొలుస్తారు. ఆ కొలతలతో గీసిన వంపే వర్ణపటం. ఈ పరిధిలో కార్బన్, ఆక్సిజన్, నైట్రోజన్‌లతో హైడ్రోజన్ కలిసిన బంధాలు కాంతిని పీల్చుకుంటాయి. 1730, 2310 నానోమీటర్ల చుట్టుపక్కల మైనాలు, లిగ్నిన్ (కణజాలాన్ని గట్టిపరిచే పదార్థం) కనిపిస్తాయి. 2100 దగ్గర సెల్యులోజ్, పిండిపదార్థం, 2180 దగ్గర ప్రోటీన్లు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా జాతిని చెప్పదు. వంపు మొత్తాన్ని కలిపి చూస్తేనే తేడా బయటపడుతుంది. అమెజాన్‌లో లెసితిడేసీ కుటుంబానికి చెందిన, అనుభవజ్ఞులు కూడా తడబడే దగ్గరి జాతులను ఈ పద్ధతిలో 90 శాతానికి పైగా సరిగా విడదీసినట్టు 2013లో ప్రచురించారు. అది హెర్బేరియంలోని (ఎండిన మొక్కల నమూనాలు దాచే చోటు) ఎండుటాకులతోనే చేసిన పని.

ఎండుటాకే ఎందుకంటే, పచ్చి ఆకులో 1450, 1940 నానోమీటర్ల దగ్గర నీరు పీల్చుకునే కాంతి మిగతా సంకేతాలన్నిటినీ కప్పేస్తుంది. మీరు జాతిని కొలుస్తున్నామనుకుంటూ, ఆ పూట ఆ చెట్టులో ఎంత నీరుందో కొలుస్తుంటారు. అలాగే 400–700 మధ్యనున్న రంగుల భాగాన్ని ఎండుటాకు విషయంలో నమ్మకండి. పత్రహరితం ఎండే తీరును బట్టి, నిల్వ ఉన్న కాలాన్ని బట్టి మారిపోతుంది. 1000 దాటిన భాగమే వాడండి.

పరికరాల్లో మూడు తరగతులు. బల్ల మీద పెట్టే ఎఫ్‌టీ (ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్) రకం స్పెక్ట్రోమీటర్ అన్నిటికంటే నిలకడైనది. 350–2500 కొలిచే, వీపున మోసుకెళ్లే ఫీల్డ్ స్పెక్ట్రోమీటర్ రెండోది. దీనిలో మూడు డిటెక్టర్లు ఉంటాయి కాబట్టి అవి కలిసే 1000, 1800 నానోమీటర్ల దగ్గర వర్ణపటంలో చిన్న మెట్టు కనిపిస్తుంది. దాన్ని సరిచేయకపోతే మోడల్ (వర్ణపటాల నుంచి జాతిని నేర్చుకునే కంప్యూటర్ లెక్క) ఆ మెట్టునే జాతి లక్షణమనుకుంటుంది. మూడోది అరచేతిలో పట్టే చిన్న పరికరం. ఇవి ఎక్కువగా 900–1700 దగ్గర ఆగిపోతాయి, అంటే మైనం, సెల్యులోజ్, ప్రోటీన్ల బలమైన సంకేతాలన్నీ వాటికి అందవు. ఒకే ప్రజాతిలో (జీనస్, దగ్గరి జాతుల గుంపు) మూడు నాలుగు జాతులను విడదీయాలంటే ప్రయత్నించొచ్చు. ముప్పై జాతులకు దాన్ని కొనమని మాత్రం చెప్పను. ఏదైనా విశ్వవిద్యాలయంలో మందులనో, ధాన్యాన్నో కొలిచే ఎఫ్‌టీ యంత్రం ఖాళీగా ఉంటే, మీ ఆకులను అక్కడికి తీసుకెళ్లడమే మేలు.

ఇక ఆకులు. ఒక్కో జాతికి కనీసం 5 చెట్లు, వీలైతే 10, అవి కూడా ఒకే గుట్ట మీదివి కాకుండా వేర్వేరు చోట్లవి. ఒక్కో చెట్టుకు 3 ఆకులు చాలు. ఒకే చెట్టు నుంచి ఇరవై ఆకులు కోసి పది చెట్లకు బదులుగా లెక్కవేయడం ఈ రంగంలో అందరూ మొదట చేసే పని. దానివల్ల మోడల్‌కు ఆ చెట్టు తెలుస్తుంది, ఆ జాతి తెలియదు. రిఫరెన్స్ చెట్లకు పూలో కాయలో ఉన్న కొమ్మ తీసి, హెర్బేరియం షీటు (కాగితం మీద అతికించిన ఎండు నమూనా) చేసి, ఆ కుటుంబం తెలిసిన నిపుణుడితో పేరు ఖాయం చేయించాలి. వర్ణపటం ఫైలు మీద ఆ షీటు నంబరు తప్పక ఉండాలి. రేపు ఆ జాతిని రెండుగా విడదీస్తే, మీరు తిరిగి వెళ్లి చూసుకోవలసింది ఆ షీటునే.

కోయవలసింది పూర్తిగా ముదిరిన, పచ్చగా ఉన్న ఆకు. ఎర్రగా వేలాడే చిగురు వద్దు, పసుపు తిరిగినది వద్దు. తడి అడవిలో ముదురాకుల మీద లైకెన్, నాచు, బూజు పేరుకుని ఉంటాయి. తడి దూదితో తుడిస్తే పోతే సరే, లేదంటే ఆ ఆకు పారేయండి. సంయుక్త పత్రమైతే మధ్య జతలోని పత్రకం తీసుకోండి, చివరిది కాదు. పత్రకమో ఆకో తేల్చుకోవడానికి తొడిమ మొదట్లో మొగ్గ ఉందేమో చూడండి. మొగ్గ ఉంటే అది ఆకు. మరో సంగతి: పొడవాటి కత్తెర కర్రతో అందేవి కింది నీడ కొమ్మలే. మీ రిఫరెన్స్ ఆకులన్నీ చెట్టెక్కేవాళ్లు పైనుంచి తెచ్చిన ఎండ ఆకులైతే, తెలియని చెట్ల నీడ ఆకులతో పోల్చినప్పుడు పొంతన కుదరదు. ఎండ ఆకు మందంగా, మైనం ఎక్కువగా ఉంటుంది. రిఫరెన్స్‌లో రెండు రకాలూ కలపండి.

నేల మీద రాలిన ఆకు ఏరుకోవద్దు. అది కుళ్లడం మొదలై ఉంటుందన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, అది ఆ చెట్టుది కాకపోవచ్చు. చెట్టు తల మీదికి పాకిన తీగ ఆకులు కింద దండిగా రాలతాయి. కోసేటప్పుడు కూడా బైనాక్యులర్స్‌తో కొమ్మ వెంట మాను దాకా చూపు నడిపి నిర్ధారించుకోండి.

ఆరబెట్టడం దగ్గరే చాలామంది పని చెడుతుంది. కోసిన రోజే న్యూస్‌పేపర్ మధ్య పెట్టి, అట్టలతో ప్రెస్ బిగించి, 50–60 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో 2–3 రోజులు ఉంచండి. ఆలస్యమైతే ఆకులోని ఫినాలిక్ పదార్థాలు ఆక్సీకరణ చెంది ఆకు నల్లబడుతుంది. మీరు కొలవబోయే రసాయనమే మారిపోయిందన్నమాట. ఉష్ణోగ్రత 80 దాకా పెంచితే త్వరగా ఆరుతుంది, కానీ అదో కొత్త రసాయన మార్పు. ఓవెన్ లేని శిబిరంలో నమూనాలను ఆల్కహాల్‌తో తడిపి సంచిలో మూసి తేవడం మామూలే. హెర్బేరియం షీటుకు అది సరిపోతుంది, కానీ ఆల్కహాల్ ఆకులోని కొన్ని పదార్థాలను కరిగించి లాగేస్తుంది. ఒక జాతి ఆకులన్నీ ఆల్కహాల్‌వి, మరో జాతివన్నీ ఓవెన్‌వి అయ్యాయనుకోండి, మోడల్ నూటికి నూరు తెచ్చుకుంటుంది, జాతి గురించి ఏమీ నేర్చుకోకుండానే. వర్ణపటం కోసం వేరుగా నాలుగు ఆకులు తీసి, ఆల్కహాల్ తగలకుండా సిలికా జెల్‌లో (తేమను పీల్చే గుళికలు) వేయండి. జెల్ బరువు ఆకు బరువుకు కనీసం పది రెట్లు ఉండాలి. అదే పొట్లం తర్వాత డీఎన్‌ఏకూ పనికొస్తుంది.

పాత హెర్బేరియం ఆకులు కొలవాలనుకుంటే, జిగురుతో అతికించినవి కాకుండా షీటు మూలనున్న కవరులోని విడి ఆకులు అడగండి. పాతకాలంలో పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవారు. అది విషం, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.

కొలిచే రోజు ఆకులను మరోసారి 40–50 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచి, డెసికేటర్‌లోకి (తేమ చేరని మూత పాత్ర) మార్చి, ఒక్కొక్కటే బయటికి తీసి కొలవండి. ఎండుటాకు గాలిలోని తేమను నిమిషాల్లోనే లాగేసుకుంటుంది. వానాకాలంలో కొలిచినవి ఒక గుంపు, వేసవిలో కొలిచినవి మరో గుంపుగా విడిపోతే 1940 దగ్గర చూడండి, కారణం అక్కడే దొరుకుతుంది. పరికరంలోని దీపం వెలిగించి కనీసం అరగంట వేడెక్కనివ్వాలి. కొలతకు ప్రమాణంగా పెట్టే తెల్ల రిఫరెన్స్ పలకను ప్రతి 10–15 నిమిషాలకు ఒకసారి కొలవండి. పలక మీద వేలిముద్ర పడితే ఆ రోజంతా వచ్చే ప్రతి వర్ణపటంలోనూ అదే కనిపిస్తుంది.

ఆకు వెనక నల్లని, మెరుపు లేని దిమ్మ తప్పనిసరి. పల్చటి ఎండుటాకు గుండా ఈ కాంతి సులువుగా దాటిపోతుంది. వెనక తెల్లకాగితం ఉంటే మీరు కొలిచేది ఆకును, కాగితాన్ని కలిపి. ఆకు పైవైపు రెండు చోట్ల, అడుగువైపు రెండు చోట్ల కొలవండి. మధ్య ఈనెను, లావు పక్క ఈనెలను తప్పించండి. అడుగువైపు నూగు, పొలుసులు ఉన్న జాతుల్లో రెండు వైపులకూ చాలా తేడా వస్తుంది. ఆ తేడా కూడా పనికొచ్చే సమాచారమే కాబట్టి ఫైలు పేరులో వైపు రాయండి: చెట్టు నంబరు, ఆకు, వైపు, బిందువు. ఎఫ్‌టీ యంత్రంలో సెంటీమీటరుకు 8 తరంగాల రిజల్యూషన్, ఒక్కో బిందువుకు 16 స్కాన్ల సగటు సరిపోతాయి. ఆకు బిగించే క్లిప్పులో హాలోజన్ దీపం ఉంటే ఆకును ఎక్కువసేపు ఉంచకండి, మాడుతుంది. పరికరపు కిటికీని ఆకు పూర్తిగా కప్పాలి. చింతాకు లాంటి చిన్న పత్రకాలను సందు లేకుండా ఒకదానిమీద ఒకటి పరచి కొలవొచ్చు. కానీ మందం మారింది కాబట్టి వాటిని పెద్ద ఆకుల మోడల్‌లో కలపకూడదు.

వర్ణపటాలు చేతికొచ్చాక మొదట గ్రాఫ్ గీసి కళ్లతో చూడండి. మిగతా వాటికి దూరంగా పడేవి ఎక్కువగా తెల్ల పలక మరిచిన కొలతలో, బూజు ఆకులో అయి ఉంటాయి. రెండు చివర్ల గరుకు భాగం కత్తిరించండి. తర్వాత స్టాండర్డ్ నార్మల్ వేరియేట్ సవరణ (ఒక్కో వర్ణపటాన్ని దాని సగటు, వ్యాప్తితో సమం చేయడం) చేస్తే ఆకు మందం, ఉపరితలం వల్ల వంపు మొత్తం పైకీ కిందికీ జరగడం తగ్గుతుంది. ఆపైన సావిట్జ్‌కీ-గోలే మొదటి డెరివేటివ్ (వంపును నునుపు చేసి దాని వాలును లెక్కించడం), 11 లేదా 15 బిందువుల కిటికీతో. అంతకంటే వంట అక్కర్లేదు. వర్గీకరణకు ప్రిన్సిపల్ కాంపొనెంట్ల (వందల సంఖ్యలను కుదించిన కొద్దిపాటి కొలతలు) మీద లీనియర్ డిస్క్రిమినెంట్ విశ్లేషణ (గుంపులను విడదీసే లెక్క), లేదా అలాంటిదే పీఎల్ఎస్-డీఏ. వందల్లో చెట్లు ఉన్నప్పుడు న్యూరల్ నెట్‌వర్క్ జోలికి పోవడం అనవసరం. ఒక్కో వర్ణపటంలో 1500కు పైగా సంఖ్యలుంటాయి, చెట్లేమో దానిలో పదో వంతు. అలాంటి చోట ఎంత తెలివైన మోడల్ అయితే అంత తొందరగా బట్టీ పడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 20 జాతులు, ఒక్కోదానికి 8 చెట్లు, చెట్టుకు 3 ఆకులు, ఆకుకు 4 బిందువులు అనుకుందాం. మీ దగ్గర 1920 వర్ణపటాలున్నాయి. కానీ స్వతంత్ర నమూనాలు 160 మాత్రమే. ఆ 1920ని యథాలాపంగా 80–20గా విడదీసి పరీక్షిస్తే, పరీక్షలోకి వచ్చిన ప్రతి బిందువుకూ అదే ఆకు తాలూకు కవల శిక్షణలో కూర్చుని ఉంటుంది. ఫలితం 98, 99 శాతం వస్తుంది, దానికి అర్థం ఏమీ లేదు. విభజన చెట్టు నంబరు ప్రకారం జరగాలి: ఒక చెట్టుకు చెందిన కొలతలన్నీ బయట పెట్టి, మిగతావాటితో శిక్షణ ఇచ్చి, ఆ చెట్టును అడగాలి. ఇలా 160 సార్లు. ఇంకా కఠినంగా కావాలంటే ఒక ప్రాంతం మొత్తాన్ని బయట పెట్టండి. ప్రిన్సిపల్ కాంపొనెంట్లు లెక్కకట్టడం, ఎన్ని తీసుకోవాలో నిర్ణయించడం కూడా ప్రతిసారీ శిక్షణ భాగంలోనే జరగాలి. ముందే మొత్తం డేటా మీద చేస్తే జవాబులు లీకైనట్టే. ఎవరైనా మీకు అద్భుతమైన శాతం చూపిస్తే మొదట అడగవలసిన ప్రశ్న: చెట్లను విడదీశారా, కొలతలను విడదీశారా?

మొత్తం శాతం ఒక్కటే చూడొద్దు. 100 చెట్లలో 60 ఒకే జాతివైతే, అన్నిటికీ ఆ పేరే పెట్టే మోడల్‌కు కూడా 60 మార్కులు వస్తాయి. జాతివారీగా ఎన్ని సరి, తప్పినవి ఎటు పోయాయో పట్టిక వేయండి. రెండు జాతులు పరస్పరం కలిసిపోతుంటే హెర్బేరియం షీట్లు మళ్లీ తీయండి. తరచూ పొరపాటు మోడల్‌ది కాదు, పేరుది. అలాగే ఒకే పేరు కింద రెండు స్పష్టమైన గుంపులు కనబడితే తోసిపుచ్చకండి. ముందు ఆరబెట్టిన తీరు, కొలిచిన తేదీ, ఎండా నీడా సరిచూడండి. అవేవీ కారణం కాకపోతే అవి రెండు వేర్వేరు జాతులు కావచ్చు.

మోడల్‌కు తెలియని జాతి ఎదురైతే ఏమవుతుందో చాలామంది పరీక్షించరు. డిస్క్రిమినెంట్ విశ్లేషణ ఇచ్చే సంభావ్యతల మొత్తం ఎప్పుడూ 1. కాబట్టి ఎన్నడూ చూడని జాతి ఆకును కూడా ఏదో ఒక తెలిసిన జాతికి 0.99తో అంటగట్టగలదు. ఉష్ణమండల ప్లాటులో ఇది నిత్యం జరిగేదే, ఎందుకంటే చాలా జాతులు ఒకటి రెండు చెట్లకే పరిమితమై ఉంటాయి. సంభావ్యతతో పాటు ఆ జాతి కేంద్రం నుంచి మహలనోబిస్ దూరం (ఆ జాతి కొలతల చెదురుదనాన్ని బట్టి తూచిన దూరం) కూడా లెక్కించండి. ఆ జాతి సొంత చెట్లను బయట పెట్టి పరీక్షించినప్పుడు వచ్చిన దూరాల కంటే ఇది ఎక్కువైతే “తెలియదు” అని రాయండి. మీ హద్దు పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఒక జాతి మొత్తాన్ని శిక్షణ నుంచి తీసేసి, దాని చెట్లను అడగండి. వాటిలో ఎక్కువ భాగం “తెలియదు”లోకి పోవాలి.

అడవి మొత్తానికి ఒకే పెద్ద మోడల్ కట్టడం కంటే, కుటుంబాన్నో ప్రజాతినో చేత్తో తేల్చి, దానిలోపల చిన్న మోడల్ వాడటం నాకు నచ్చిన పద్ధతి. పది రెట్ల భూతద్దం ఉంటే చాలు. ఎదురెదురు ఆకులు, రెండు తొడిమల మధ్య పత్రపుచ్ఛాలు (తొడిమ మొదట్లోని చిన్న ఆకుల్లాంటి పొరలు) ఉంటే రూబియేసీ. ఎదురెదురు ఆకులు, వెలుగుకు పట్టుకుంటే సన్నని చుక్కలు, అంచు వెంట నడిచే ఈనె ఉంటే మిర్టేసీ, అంటే నేరేడు కుటుంబం. తెల్లని పాలు, కొమ్మ చుట్టూ ఉంగరంలాంటి మచ్చ ఉంటే ఎక్కువగా మర్రి, రావి ఉన్న ఫైకస్ ప్రజాతి (పనసకూ ఇవే గుర్తులు). మొదటి నుంచే మూడో ఐదో పెద్ద ఈనెలు బయల్దేరి, వాటి మధ్య నిచ్చెన మెట్లలా అడ్డ ఈనెలుంటే మెలాస్టొమటేసీ. ఇంతవరకు మనిషి కన్ను యంత్రం కంటే చౌక, వేగం. యంత్రాన్ని మనిషి ఆగిపోయే చోట వాడాలి: ఒకే ప్రజాతిలో ఆరు జాతులు, పూలు లేకుండా.

ఒక యంత్రం మీద కట్టిన మోడల్ మరో యంత్రం మీద నేరుగా పనిచేయదు. దీపం మార్చినా తేడా రావచ్చు. అయిదారు ఆకులను డెసికేటర్‌లో శాశ్వతంగా ఉంచుకుని, కొలత ఉన్న ప్రతిరోజూ ముందుగా వాటిని కొలవండి. వాటి వంపు కదిలితే ఆ రోజు పని మొదలుపెట్టకండి. మొలకలను పెద్ద చెట్ల ఆకులతో కట్టిన మోడల్‌కు అప్పగించకండి. రెండు దశల ఆకులూ శిక్షణలో ఉంటే మాత్రం గుర్తింపు బాగానే ఉంటుందని అమెజాన్ జాతుల మీద 2015లో చూపించారు.

డీఎన్‌ఏ బార్‌కోడ్ (డీఎన్‌ఏలో చిన్న ముక్క చదివి జాతిని తేల్చడం) దీనికి పోటీ కాదు, తోడు. మొక్కలకు 2009లో సూచించిన ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే జన్యువుల జంట అప్పటి పరీక్షలో 72 శాతం జాతులనే విడదీసింది. ప్రజాతి దాకా గట్టిగా తేల్చి, దగ్గరి జాతుల దగ్గర ఆగిపోతుంది. పాలు కారే, జిగురుగా ఉండే ఆకుల్లో పాలీఫినాల్స్, పాలీశాకరైడ్లు పీసీఆర్‌ను (డీఎన్‌ఏ ప్రతులు పెంచే చర్య) అడ్డుకుంటాయి. అందుకే డీఎన్‌ఏ తీసే సీట్యాబ్ పద్ధతిలో, పాలీఫినాల్స్‌ను పట్టుకునే పీవీపీ అనే పదార్థం కలుపుతారు. వర్ణపటం “తెలియదు” అన్న చెట్లకు మాత్రమే ఆ ఖర్చు పెట్టండి.

ప్లాటు రిజిస్టర్‌లో ఒక నిలువు అదనంగా గీయండి: పేరు ఎలా వచ్చిందో రాయడానికి. పూలున్న నమూనాతోనా, కంటితోనా, వర్ణపటంతోనా, డీఎన్‌ఏతోనా. వర్ణపటంతో వచ్చినదైతే మోడల్ తేదీ, సంభావ్యత, దూరం పక్కనే వేయండి. వర్ణపటం ద్వారా పేరు పొందిన చెట్టును తర్వాతి మోడల్‌కు రిఫరెన్స్‌గా ఎప్పుడూ చేర్చకండి. అది పూసి, షీటు చేసి, పేరు ఖాయమైన రోజున చేర్చొచ్చు.